తాతయ్య అమెరికా సీసా

చిన్న మామయ్య బెంగళూరు విమానపురలోని ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను పిలిచి, "నీకేం కావాలో చూసుకోవే" అన్నాడు. రాగి బిందెలు అప్పటికే అక్క పట్టుకుపోయింది. కుట్టుమిషను మీద ఇద్దరు కోడళ్ల కన్ను ఉందని తెలుసు కాబట్టి దాని జోలికి పోలేదు. వంటింటి కిటికీలో మనీప్లాంట్ పెట్టిన గాజుసీసా కనిపించింది. అది తీసుకుంటానన్నాను. మామయ్య ముఖం క్షణం వాడిపోయి మళ్లీ వెలిగింది.

"అది తాతయ్య అమెరికా సీసా. జాగ్రత్త."

ఆ సీసా కథ మా ఇంట్లో తెలియని వాళ్లు లేరు. తాతయ్య మదనపల్లె నుంచి 1942లో బెంగళూరు వచ్చి, అప్పట్లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అని పిలిచే కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో 1940 డిసెంబరులో పెట్టిన కంపెనీ అది. యుద్ధం ముదిరాక, 1943లో, దాని నిర్వహణ అమెరికా సైన్యపు వైమానిక విభాగం చేతికి వెళ్లింది. వాళ్ల లెక్కల్లో అది 84వ ఎయిర్ డిపో. బర్మా వైపు, చైనా వైపు ఎగిరి దెబ్బతిన్న విమానాలు ఇక్కడికి వచ్చి బాగుపడి వెళ్లేవి. కాటలినా అనే నీటి విమానాలైతే బెళ్లందూరు చెరువులో దిగేవి. అదే బెళ్లందూరు చెరువు. నురగలు కక్కి, 2017లో మంటలు అంటుకున్న చెరువు. తాతయ్య బతికి ఉంటే ఏమనేవాడో గానీ, ఆయన కాటలినా అనేటప్పుడు చేయి చాపి నీళ్ల మీద జార్చినట్టు చూపించేవాడని అమ్మ చెప్పేది.

కథ ఏమిటంటే, 1945లో యుద్ధం అయిపోయి అమెరికావాళ్లు మూటాముల్లె సర్దుకుంటున్నప్పుడు ఒక సార్జెంటు తాతయ్య పనితనానికి మెచ్చి, మూత తీయని విస్కీ సీసా ఒకటి చేతిలో పెట్టాడట. తాతయ్య తాగడు. విస్కీని ఎవరికో పోసేసి సీసా మాత్రం ఉంచుకున్నాడట. నా చిన్నప్పుడు ఇచ్చినవాడు సార్జెంటే. నా పెళ్లినాటికి కెప్టెన్ అయ్యాడు. మొన్న మామయ్య మనవడి బారసాలలో కల్నల్ అని విన్నాను. అమెరికా సైన్యంలో కూడా ఇంత త్వరగా ప్రమోషన్లు రావు.

నేను మందు ముట్టను. మద్యం గురించి నాకు తెలిసింది బస్టాపు పక్క దుకాణం బోర్డు చదివితే తెలిసేంతే. కానీ హలసూరులో ఇరవై ఆరేళ్లుగా కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నాను. గాజు నా వృత్తి. చెరిగిపోయిన అక్షరాన్ని చదివి తీరాలన్న పట్టుదల నా జబ్బు. సీసాను దుకాణానికి తెచ్చి, మనీప్లాంట్‌ను జాము సీసాలోకి మార్చి, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కౌంటరు మీద పెట్టుకుని కూర్చున్నాను.

చేతికి జిడ్డుగా తగిలింది. అది ఒకనాటి జిడ్డు కాదు. దశాబ్దాల నూనె, ధూళి, వంటింటి పొగ కలిసి లక్కలాగా గట్టిపడింది. మెడ చుట్టూ ఒక గుడ్డపేలిక కట్టి ఉంది. నూనె వంచినప్పుడు కారిన చుక్క సీసా ఒంటి మీదికి జారకుండా మన ఆడవాళ్లు కట్టే పేలిక. అంటే మనీప్లాంట్ కంటే ముందు ఇది నూనె సీసా అన్నమాట. అమెరికా కల్నల్ బహుమతికి పేలిక కట్టి నూనె పోసిందంటే అమ్మమ్మ ధైర్యమే ధైర్యం.

భుజం మీద పోతపోసిన ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి. కళ్లజోడు లేకుండానే చదవగలిగాను. ఈ సీసాను అమ్మడం గానీ మళ్లీ వాడడం గానీ ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, అని ఇంగ్లీషులో.

ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. మన ఇళ్లలో మళ్లీ వాడని సీసా ఉంటుందా? హార్లిక్స్ సీసాలో పప్పు, కిసాన్ సీసాలో ఆవాలు, విదేశీ విస్కీ సీసాలో ఫ్రిజ్ నీళ్లు. ఆ చట్టం ఇక్కడ చెల్లితే మా వీధి మొత్తం జైల్లో ఉంటుంది.

కానీ ఆ వాక్యమే మొదటి ఆధారం. అమెరికాలో 1920 నుంచి 1933 చివరి దాకా మద్యనిషేధం. ఎత్తేశాక ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. నిషేధ కాలంలో చేయి తిరిగిన దొంగసారా వ్యాపారులు అసలు కంపెనీల ఖాళీ సీసాలు ఏరుకుని, నాటుసరుకు నింపి అమ్మేస్తారేమోనని. అందుకే 1935 నుంచి మద్యం సీసాల మీద ఈ హెచ్చరిక పోతపోయాలని నియమం పెట్టారు. 1964లో ఆ నియమం పోయింది. కాబట్టి అమెరికా మద్యం సీసా మీద ఈ అక్షరాలు కనిపిస్తే అది ఆ ముప్పై ఏళ్ల మధ్యది. 1945 అందులో చక్కగా ఇముడుతుంది. మామయ్య గెలిచేలా ఉన్నాడు.

ఆ భయం ఎంత నిజమైనదో రెండు రోజుల తర్వాత తెలిసింది. నెలకోసారి అట్టపెట్టెలు కొనడానికి వచ్చే పాతసామాన్ల అబ్బాయి సీసాను చూసి, చేతిలోకి తీసుకుని, మెడ తడిమి చూసి, "మూత లేదా మేడమ్? మూత, అట్టపెట్టె ఉంటే ఫారిన్ సీసాలకు మంచి ధర" అన్నాడు. ఖాళీ సీసాకు మూత ఎందుకురా అంటే బదులు చెప్పకుండా నవ్వాడు. ఎందుకో అప్పుడు వెలిగింది. ఎనభై తొంభై ఏళ్ల కిందట వాషింగ్టన్‌లో కూర్చున్న అధికారులు ఎవరిని తలచుకుని ఆ అక్షరాలు పోయించారో ఆ వ్యాపారం మా ఊళ్లో ఇంకా సుఖంగా ఉంది. ఇంట్లో ఎవరైనా ఖరీదైన మందు సీసా ఖాళీ చేస్తే లేబుల్ గీకేసి పారేయండి, అది వేరే సంగతి.

ఇక అడుగుభాగం. అక్కడ అంకెలు ఉన్నాయని వేలికి తెలుస్తోంది గానీ కంటికి ఆనడం లేదు. గాజు మీద గాజు అక్షరం కదా, రంగు తేడా ఉండదు. ఇంటి నుంచి గుప్పెడు ముగ్గుపిండి తెచ్చి, తడిపి, అడుగున మెత్తి, ఆరాక పొడి గుడ్డతో పైపైన తుడిచాను. గుంటల్లో తెల్లటి పిండి నిలిచిపోయింది, ఉబ్బిన గీతలు మాత్రం నల్లగా తేలాయి. పక్క నుంచి ఫోను టార్చి వేసి, 20 డయాప్టర్ల పవరున్న కటకం కంటికి పెట్టుకుంటే అయిదింతలై కనిపించాయి.

మధ్యలో ఒక గుర్తు, దాని కింద 45.

గుండె ఆగినంత పనైంది. వెంటనే మామయ్యకు ఫోను చేశాను. అది తప్పు. అరగంటలో కుటుంబం వాట్సాప్ గుంపులో ముగ్గు పూసిన సీసా అడుగు ఫోటో, దాని కింద "1945! శాస్త్రీయంగా రుజువైంది!" అన్న ప్రకటన, దాని కింద పదిహేడు చప్పట్ల బొమ్మలు. టెక్సాస్‌లో ఉన్న పిల్లవాడొకడు ఆ కల్నల్ మనవళ్లను వెతుకుతానని కూడా బయలుదేరాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం వల్ల కాదు. మా వృత్తిలో ఒక సూత్రం ఉంది. పరీక్షకు వచ్చినవాడు అక్షరాలు చకచకా చదివేస్తుంటే, చూసి చదువుతున్నాడా, ముందువాడు చదివింది విని అప్పజెబుతున్నాడా అని అనుమానించాలి. నేను 45 చూశానా, 45 కోసం చూశానా?

మర్నాడు కూర్చుని గుర్తు సంగతి తేల్చుకున్నాను. నిలువు గీతలాంటి ఐ అక్షరం, దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఒక వలయం. ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరపు ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీ ముద్ర అది. ఈ కంపెనీ కథ మా గాజువాళ్లకు ఇష్టమైన కథ. మైకేల్ ఓవెన్స్ అనే ఆయన చిన్నప్పుడే గాజు కొలిమి దగ్గర పనిలో చేరి, పెద్దయ్యాక సీసాలను తనంతట తానే ఊది పోసే యంత్రం కనిపెట్టాడు. 1903 నాటికి అది పని చేస్తోంది. అంతవరకు సీసా అంటే మనిషి ఊపిరి. ఆయన కంపెనీ 1929లో ఇల్లినాయ్ గ్లాస్ అనే మరో కంపెనీతో కలిసింది. ఓవెన్స్ వారి ఓ, ఇల్లినాయ్ వారి ఐ, ఇల్లినాయ్ వారిదే డైమండు ఆకారం, మూడూ కలిపి కొత్త ముద్ర చేశారు. సీసా అడుగున డైమండు, దాని మీద అడ్డంగా గుడ్డు, నడుమ ఐ.

1950ల మధ్యలో ముద్రను సులువు చేసి డైమండు తీసేశారు.

నా సీసా మీద డైమండు లేదు. మళ్లీ ముగ్గు పూశాను. ఎండలో పెట్టి చూశాను. అరిగిపోయిందేమోనని వేలిగోరుతో చుట్టూ గీసి చూశాను. ఎక్కడా మొన తగల్లేదు, నున్నగా గుడ్డే.

మరి 45? ఈ కంపెనీ సీసాల మీద ముద్రకు ఎడమన ఉండేది ఫ్యాక్టరీ సంఖ్య, కుడిన ఉండేది సంవత్సరం. కింద ఉండేది ఏ అచ్చులో పోశారో ఆ అచ్చు సంఖ్య. నేను అచ్చు సంఖ్య చదివి సంబరపడ్డాను. కుడివైపు అంకెలు ముగ్గు సరిగా నిండని చోట ఉన్నాయి. ఈసారి ముగ్గు కాకుండా ముఖానికి రాసుకునే పౌడరు వాడాను, అది ఇంకా మెత్తన. 60.

సీసా పోసింది 1960లో. అప్పటికి 84వ ఎయిర్ డిపో వాళ్లు వెళ్లిపోయి పదిహేనేళ్లు. మామయ్యకు చెప్పలేదు. ముందు మిగతాది తేల్చుకుందామని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ చప్పట్ల బొమ్మలకు జడిశాను.

లేబుల్ మూడొంతులు గీకేసి ఉంది. పైన మిగిలిన ఒకే ఒక్క మాట "ఓల్డ్". ఇంతకంటే పనికిరాని మాట ఇంకొకటి ఉండదు. బోర్బన్ అనే అమెరికా విస్కీలలో ఓల్డ్ క్రో, ఓల్డ్ టేలర్, ఓల్డ్ ఫారెస్టర్, ఓల్డ్ గ్రాండ్‌డాడ్, ఓల్డ్ ఫిట్జరాల్డ్. మన దగ్గర ఓల్డ్ మాంక్, మా కర్ణాటకలో ఓల్డ్ టావెర్న్. మందు పేరులో ముసలితనం లేకపోతే ఎవరూ నమ్మరు కాబోలు. పట్టుచీరల కొట్టు బోర్డు మీద మూడు తరాల నుంచి అని రాసుకుంటారే, అలాంటిది.

పేలిక విప్పితే ఇంకొకటి దొరికింది. మెడకు అంటుకున్న చిటికెన గోరంత కాగితం, ఆకుపచ్చ రంగుది. నూనె పీల్చుకుని, గుడ్డ కింద వెలుతురు తగలక రంగు నిలుపుకుంది. అది పన్ను బిళ్ల. అప్పట్లో అమెరికా మద్యం సీసా మూత మీదుగా ఒక సన్నటి కాగితం పట్టీ అంటించేవారు, మూత తిప్పితే అది చిరుగుతుంది. 1985 దాకా ఉంది ఆ పద్ధతి. మామూలు సరుకుకు ఎర్రది, బాండ్‌లో సీసాకెత్తిన సరుకుకు పచ్చది. బాండ్ అంటే 1897 నాటి చట్టం. కల్తీ విస్కీలు విపరీతమై, పొగాకు రసం కూడా కలిపి అమ్ముతున్న రోజుల్లో తెచ్చారు. ఒకే డిస్టిలరీ, ఒకే ఋతువులో కాచిన సరుకు, ప్రభుత్వం తాళం వేసిన గోదాములో కనీసం నాలుగేళ్లు పీపాల్లో ఉండాలి, సరిగ్గా వంద ప్రూఫ్ దగ్గర, అంటే యాభై శాతం ఆల్కహాలుతో, సీసాకెత్తాలి. ఎక్కడ కాచారో లేబుల్ మీద రాయాలి.

ఎక్కడ కాచారో రాయాలి. అదే నాకు కావలసింది. లేబుల్ అడుగు అంచు గీకుడుకు చిక్కకుండా మిగిలింది, కానీ పైపొర రాలిపోయి, మిగిలిన పొర నూనెకు పారదర్శకమై, ముందు నుంచి చూస్తే గోధుమరంగు మరక. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. సీసా నిండా నీళ్లు పోశాను. (ఎలాగూ పోశాను కదా అని కొలగ్లాసుతో కొలిచాను. ఏడువందల యాభై దాటి కాస్త ఎక్కువ పట్టింది. క్వార్టులో అయిదింట నాలుగు వంతులు, 757 మిల్లీలీటర్లు, 1980కి ముందరి అమెరికా కొలత. ఇదీ సరిపోయింది.) నీళ్లు నిండిన గుండ్రటి సీసా ఒక కటకం. వెనక అంటిన కాగితాన్ని ముందు నుంచి చూస్తే అడ్డంగా సాగి పెద్దదై కనిపిస్తుంది. లేబుల్ వెనక దీపం పెట్టి, సీసాలోంచి చూశాను. అక్షరాలు తేలాయి. కానీ కాగితం వీపు వైపు నుంచి చూస్తున్నాను కాబట్టి తిరగేసి ఉన్నాయి.

ఇక్కడ నా ఇరుకు దుకాణం అక్కరకొచ్చింది. కంటిపరీక్షకు ఆరు మీటర్ల దూరం కావాలి. నాకున్నది మూడున్నర మీటర్ల గది. అందుకే మాలాంటివాళ్లు తిరగేసి అచ్చువేసిన చార్టును రోగి తల వెనక తగిలించి, ఎదుటి గోడకు అద్దం పెట్టి అందులో చదివిస్తాం. సీసాను రోగి కుర్చీలో కూర్చోబెట్టాను. నేను అద్దం ముందు నిలబడ్డాను. కెంటకీ అన్న మాటలో చివరి సగం. స్ట్రెయిట్ బోర్బన్. దాని కింద డిస్టిలరీ సంఖ్య, ఒకటి తర్వాత ఇంకో అంకె.

ఆరా, ఎనిమిదా? ఇరవై ఆరేళ్లుగా ఎదుటివాళ్లను సతాయించిన ప్రశ్న ఇది. ఆరు, ఎనిమిది, మూడు, తొమ్మిది చూపు మందగించినవాడికి ఒకేలా ఉంటాయి. అంకెను చూడకూడదు, దాని నోరు ఎటు తెరుచుకుందో చూడాలి. నేను నోరు వెతికాను. పై భాగంలో కుడివైపు వెంట్రుకంత సందు. ఆరు.

పదహారో నంబరు స్టిట్జెల్-వెల్లర్. కెంటకీలో లూయివిల్ ఊరి చివర షైవ్లీలో, 1935లో, అక్కడి డెర్బీ గుర్రప్పందెం నాడే తెరిచిన డిస్టిలరీ. బోర్బన్ అంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలో ఉంచాలి. మిగిలిన గింజల్లో మామూలుగా రై అనే ధాన్యం ఉంటుంది. వీళ్లు రై బదులు గోధుమ వేసేవారు. అందువల్ల ఘాటు తగ్గి మెత్తగా ఉంటుందని తాగేవాళ్లు చెబుతారు. పాపీ వాన్ వింకిల్ అని పిలిచే జూలియన్ వాన్ వింకిల్ నడిపిన చోటు అది. ఆయన కుటుంబం 1972లో అమ్మేసింది, 1992లో అక్కడ కాచడం ఆగిపోయింది. ఇప్పుడు ఆ డిస్టిలరీలో కాచిన పాత సీసా మూత తీయకుండా దొరికితే జనం వేలం పాట పాడతారు. 2018 నుంచి కెంటకీలో అలాంటి పాత సీసాలను ఇళ్లలో నుంచి దుకాణాలు కొని అమ్ముకోవడానికి చట్టమే ఉంది. నా దగ్గర ఉన్నది ఖాళీది, పైగా నూనె వాసన కొట్టేది. విలువ గురించి అడిగిన మేనల్లుడికి ఇదే చెప్పాను, ముఖం మాడ్చుకున్నాడు.

పదహారో నంబరు, పచ్చ పట్టీ, "ఓల్డ్" అన్న మాట, మూడూ కలిపితే ఓల్డ్ ఫిట్జరాల్డ్. ఆ డిస్టిలరీలో బాండ్‌లో ఎత్తిన ప్రధానమైన సరుకు అదే. ఆ సీసాను 1960లోనే నింపి ఉంటే అందులోని మొక్కజొన్న 1956కో అంతకుముందో కోసినది.

ఈ ఫిట్జరాల్డ్ ఎవరు అని చూస్తే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. కంపెనీ ప్రకటనల ప్రకారం జాన్ ఫిట్జరాల్డ్ అనే మహానుభావుడు 1870లో కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లో డిస్టిలరీ కట్టి, రైలుబండ్లకూ ఆవిరి ఓడలకూ గొప్పవాళ్ల క్లబ్బులకూ మాత్రమే సరుకు పంపేవాడు. దశాబ్దాల పాటు లేబుల్ ఆ కథ మీద అమ్ముడుపోయింది. తర్వాత వాన్ వింకిల్ కుటుంబపు ఆడపడుచే అసలు సంగతి రాసింది. ఫిట్జరాల్డ్ డిస్టిలరీ కట్టలేదు. ప్రభుత్వ గోదాము తాళాలు ఉండే ట్రెజరీ ఉద్యోగి ఆయన. నాలుక మాత్రం గొప్పది. గోదాములో ఏ పీపా రుచిగా ఉందో కనిపెట్టి అందులోంచి తోడుకునేవాడట. అలా ఒట్టిపోయిన పీపాలను పనివాళ్లు ఫిట్జరాల్డ్ పీపాలు అనేవారట. అంటే మంచివని. ఆ పేరునే యజమాని సీసాకెక్కించాడు.

కథ ఇక్కడిదాకా బాగానే ఉంది గానీ, కెంటకీ సీసా మా వంటింటికి ఎలా వచ్చింది? ఆ ప్రశ్న గాజును అడిగితే చెప్పదు. కమ్మనహళ్లిలో ఉన్న పెద్దమ్మను అడగాలి. ఆమెకు ఎనభై మూడు. చెవి కాస్త తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. ఆదివారం సీసాను చీరముక్కలో చుట్టుకుని వెళ్లాను.

చూడగానే, "ఇది ఆముదం సీసా కదే. ఎక్కడ దొరికింది?" అంది.

"మామయ్య ఇచ్చాడు. తాతయ్యకు అమెరికావాళ్లు..."

"వాడి మొహం. నేను పురిటికొచ్చినప్పుడు అమ్మ కొన్నది ఇది. మీ పెద్దన్నయ్య కడుపులో ఉన్నాడు. బిడ్డకు ఒళ్లు రుద్దడానికి ఆముదం ఊళ్లో నుంచి డబ్బాతో వచ్చింది, పోసుకోవడానికి సీసాలు లేవు. దండు వైపు, అదే కంటోన్మెంటు వైపు, బంగళాల్లో ఖాళీ సీసాలు ఏరుకుని బుట్టలో అమ్ముకునే ఒకతను వచ్చేవాడు. నాలుగు కొనింది. సీసా రెండణాలు. అణాలు పోయి కొన్నేళ్లయినా అమ్మ అణాల్లోనే బేరమాడేది."

పెద్దన్నయ్య పుట్టింది 1963లో. 1960లో పోసిన సీసా, విస్కీ నిండి, సముద్రం దాటి, బెంగళూరు దండులో ఎవరి బల్ల మీదో ఖాళీ అయి, బుట్టలోకి చేరడానికి మూడేళ్లు. నా ముగ్గుపిండి లెక్కను పెద్దమ్మ పురుడు ఖాయం చేసింది.

"మరి లేబుల్?"

"దేవుడి గూటి పక్కన పెట్టే సీసాకు సారాయి కాగితం ఏమిటని అమ్మే గీకింది, కొబ్బరిపీచు, బూడిద వేసి. సగం గీకి చేయి నొప్పి పుట్టి వదిలేసింది. నాన్న పని నుంచి వచ్చి దీన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఈ అక్షరాలు చదివాడు. చదివి ఒకటే నవ్వు. ఇదిగో, దీన్ని మళ్లీ వాడితే అమెరికా పోలీసులు వచ్చి పట్టుకుపోతారని రాసుందే, నువ్వు ఆముదం పోశావా, అని అమ్మను ఆటపట్టించాడు. అమ్మ నిజంగానే భయపడి రెండు రోజులు ముట్టలేదు. మీ మామయ్య అప్పుడు ఎనిమిదేళ్లవాడు, అక్కడే నోరు తెరుచుకుని వింటున్నాడు. అమెరికా అన్న మాట ఒక్కటి పట్టుకున్నాడు. మిగతాదంతా వాడు కట్టుకున్నదే. నాన్న కూడా కాదనలేదు. పిల్లలు అడిగితే కాటలినా కథ చెప్పి, సీసా చూపించేవాడు."

"అయితే అమెరికావాళ్లు తాతయ్యకు ఏమీ ఇవ్వలేదా?"

పెద్దమ్మ లేచి, బీరువా అడుగు నుంచి బిస్కెట్ల రేకుడబ్బా తీసింది. అందులో దారపు ఉండలు, విరిగిన తాళాలు, గ్రైండరు బిగించుకునే ఒక స్పానరు. అరచేతిలో పెట్టింది. నల్లగా, బరువుగా, చల్లగా ఉంది. పిడి మీద ఎవరి వేళ్లకో అరిగిన నునుపు.

"వాళ్ల దగ్గర నుంచి వచ్చింది ఇదొక్కటే. ఇచ్చారా, తెచ్చుకున్నాడా అని మాత్రం నన్ను అడగకు. నాన్న బతికుండగా దీన్ని ఎవరికీ చూపించలేదు. చూపించమంటే సీసా చూపించేవాడు."

తాళాలు చేతిలో ఉన్న ఫిట్జరాల్డ్ గురించి ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విని, "మంచి పీపా ఏదో తెలిసినవాడే కదా దొంగిలించగలడు. నాన్న స్పానర్లు కూడా అంతే, పనికిరానిది ముట్టేవాడు కాదు" అంది.

ఇంటికి వచ్చి, మూడు రోజులు తాత్సారం చేసి, వాట్సాప్ గుంపులో రాశాను. డైమండు, 60, పచ్చకాగితం, పదహారో నంబరు, ఆముదం, రెండణాలు. స్పానరు సంగతి రాయలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. టెక్సాస్ పిల్లవాడు ఏడుపు ముఖం బొమ్మ పెట్టాడు. రాత్రి పదిన్నరకు మామయ్య నుంచి సందేశం వచ్చింది.

"అయితే ఆ కల్నల్ 1960లో ఇంకోసారి వచ్చి ఉంటాడు. నాన్నంటే ఆయనకు అంత అభిమానం."